మెగ్నీషియం డైక్లోరైడ్

ఉద్యోగం కోసం విష్ణువర్ధన్ సార్ తన దగ్గరికే డెమో క్లాసు చెప్పడానికి వస్తున్నాడని తెలిసిన రోజు జమునకు అన్నం సయించలేదు. అంత సంతోషం.

గోదావరిఖనిలో ఇంటర్ చదివేటప్పుడు ఆమెకు కెమిస్ట్రీ చెప్పింది ఆయనే. తెలుగు మీడియంలో పదో తరగతి పాసై వచ్చిన పిల్ల. ఒకరోజు ఆయన ఒక మెగ్నీషియం, రెండు క్లోరిన్లు ఉన్న ఫార్ములా బోర్డు మీద రాసి పేరు అడిగాడు.

"మెగ్నీషియం డైక్లోరైడ్ సార్. రెండు క్లోరిన్లు ఉన్నయ్ గదా" అంది జమున.

"ఉన్నయ్ గదా!" అని ఆయన ఆమె యాసనే సాగదీసి పలికాడు. "అక్కడ డై అనరు. ఎందుకనరో చెప్పినా నీకు ఎక్కదు. కూర్చో."

క్లాసంతా నవ్వింది. అప్పటి నుంచి ఆమె పేరు డైక్లోరైడ్ అయిపోయింది.

కాలేజీకి పోనని ఆమె ఏడిస్తే తండ్రి రాయమల్లు గనిలో షిఫ్టు దిగి, కనురెప్పల మీద బొగ్గు నలుపు ఇంకా ఉండగానే ఆమెను వెంటబెట్టుకుని స్టాఫ్‌రూముకు వెళ్లాడు.

"సారూ, మా బిడ్డకు జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సార్ పేపర్లోంచి తలెత్తలేదు. "ముందు మాట్లాడటం నేర్పండయ్యా. కెమిస్ట్రీ సంగతి తర్వాత."

రాయమల్లు ఇల్లు చేరేదాకా తల వంచుకునే నడిచాడు. జమున ఎమ్మెస్సీ చేసింది ఆ కోపంతోనే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో ఆమె సెంటినరీ కాలనీలో కోచింగ్ సెంటర్ నడుపుతోంది. ఈలోగా ఆయన పనిచేసే కాలేజీ మూతపడింది. ఆయన దరఖాస్తు చూడగానే "రమ్మనుండ్రి" అంది.

డెమో రోజు ఆమె పిల్లల మధ్య వెనక బెంచీలో కూర్చుంది. తల నెరిసిన ఆ మనిషి ఆమెను గుర్తుపట్టలేదు. కాసేపాగి ఆమె లేచింది. కావాలనే ఇంటి మాటలోనే అడిగింది.

"సార్, మెగ్నీషియం క్లోరైడ్‌ల రెండు క్లోరిన్లు ఉన్నయ్ గదా. డై అని ఎందుకనం?"

ఆయన వెక్కిరిస్తాడని, పిల్లల ముందే కడిగేయొచ్చని ఎదురుచూసింది.

"మంచి ప్రశ్నమ్మా" అన్నాడాయన. "మెగ్నీషియం రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది. ఒక్కో క్లోరిన్ ఒకటే తీసుకుంటుంది. కాబట్టి రెండు క్లోరిన్లు కావాల్సిందే, ఇంకో దారి లేదు. దారి ఒకటే అయినప్పుడు పేరులో అంకె ఎందుకు? ఇది అయానిక బంధం. కార్బన్, ఆక్సిజన్ అలా కాదు. అవి ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. కార్బన్ ఒక ఆక్సిజన్‌తోనూ కలుస్తుంది, రెండింటితోనూ కలుస్తుంది. అందుకే మోనాక్సైడ్, డయాక్సైడ్ అని విడమర్చి చెప్పాలి. మీ నాన్నల్ని అడగండి, బొగ్గుబావిలో ఆ తేడా ప్రాణం మీదికొస్తుంది."

పిల్లలు చెవులప్పగించి విన్నారు. జమునకు ఒళ్లు మండిపోయింది. అంత తేలికైన మాట!

తర్వాత ఆయనను తన గదిలో కూర్చోబెట్టింది. "నేను జమునను. రాయమల్లు బిడ్డను" అని జరిగిందంతా చెప్పింది.

"అన్నానేమోనమ్మా. గుర్తు లేదు" అన్నాడాయన.

"మా నాయినకు సచ్చేదాక యాదికున్నది. ఇయ్యాల చెప్పింది గప్పుడు చెప్పనీకి ఏం అడ్డమొచ్చింది సార్?"

జమున ఆయన దరఖాస్తు తీసి ఆయన ముందు పెట్టింది.

"మీకు నౌకరి ఇయ్యను. చెప్పుడు రాదని కాదు. చెప్పుడు వచ్చి గూడ చెప్పలేదని."

"మనసులో పెట్టుకోకమ్మా" అంటూ ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు. రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగి ఆటో కోసం ఎండలో నిలబడ్డాడు. జమున కిటికీ దగ్గర నిలబడి, ఆటో కనుమరుగయ్యేదాకా కదలకుండా చూసింది. అంత తృప్తిగా ఆమె ఎన్నడూ దేన్నీ చూడలేదు.

వెనక నుంచి సహస్ర అనే విద్యార్థిని వచ్చింది. "మేడం, ఆ సార్ మస్తు చెప్పిండు. రేపటి సంది వస్తడా?"

"రాడు" అంది జమున.

"అయ్యో, ఎందుకు మేడం?"

జమున కిటికీ రెక్క దగ్గరకు లాగి, గడియ పెట్టింది.