తొమ్మిదో చుక్క

ఆ పట్టణంలో విద్యాశాఖ కింద తొమ్మిది బళ్లున్నాయి. తొమ్మిదింటినీ కంప్యూటర్లతో కలిపే పని ఇంజనీరమ్మ చేతిలో పడింది. అది అందరూ పిలిచే పేరే గానీ, మనిషికి ముప్పై కూడా నిండలేదు. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని ఇది. మూడు నెలలు కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగి, గోడంత నక్షా గీసింది. మధ్యలో ఆఫీసు, చుట్టూ బళ్లు, ఒక్కో బడికి ఒక్కో గీత. చూడముచ్చటగానే ఉంది. కాకపోతే తొమ్మిదో బడికి వెళ్లే గీత సరిగ్గా ఓ పన్నెండంతస్తుల భవనం నడుమ్మీదుగా పోతోంది.

ఇక్కడి మేడ మీద పెట్టే డిష్‌కి అక్కడి మేడ మీది డిష్ సూటిగా కనిపించాలి. మధ్యలో భవనం అడ్డొస్తే సిగ్నల్ అవతలికి పోదు. పోనీ కేబుల్ వేద్దామంటే రైలు పట్టాలు దాటాలి. ఆ అనుమతి వచ్చేసరికి ఇప్పటి ఒకటో తరగతి పిల్లలు కాలేజీలో ఉంటారు.

విద్యాశాఖ ఆఫీసరుగారు నక్షాని అటూ ఇటూ చూశారు. "శుక్రవారం పదకొండింటికి వస్తానమ్మా. తెర మీద ఏ బడి చుక్క పచ్చగా వెలిగితే దానికి సంతకం పెడతా. వెలగనిది వచ్చే ఏడాది చూద్దాం. ఇంకోటి, ఒక దారి తెగితే రెండో దారి ఉండాలి. పట్టికలో ఏ బడికీ ఆ గడి ఖాళీగా ఉండకూడదు" అన్నారు.

ఆ ఆఫీసులో వచ్చే ఏడాది అంటే ఏమిటో ఇంజనీరమ్మకి తెలుసు. వరండా పైకప్పు ఆరేళ్లుగా వచ్చే ఏడాదే బాగుపడుతోంది.

పైగా తొమ్మిదో బడి హెడ్మిస్ట్రెస్ ఆమెకి స్వయానా పిన్ని. అరవై రెండు మంది పిల్లలు, నలుగురు టీచర్లు, సైన్సు చెప్పడానికి మాత్రం ఎవరూ లేరు. ఐదో బడి సైన్సు మేష్టారు తెర మీద కనిపించి పాఠం చెబుతారని పిన్ని పిల్లలకి మాటిచ్చేసింది. మాటివ్వడమే కాదు, టైమ్‌టేబుల్లో రాసేసింది కూడా. పిన్ని మాటిస్తే తప్పదు, బడి గంటల్లో ఫోన్ ముట్టదు, కొత్త వస్తువు కొంటే కవరు తీయదు. వాళ్లింట్లో ఫ్రిజ్ పదకొండేళ్లుగా ప్లాస్టిక్ కవరులోనే కాపురముంటోంది.

సోమవారం మధ్యాహ్నం ఇంజనీరమ్మ నక్షా ముందు కూలబడి ఉండగా సర్క్యులర్ బాబాయి వచ్చాడు. బడి బడికీ సైకిల్ మీద సర్క్యులర్లు మోసే ప్యూను. ముప్పై ఏళ్లుగా అదే పని, అదే సైకిలు.

"ఏంటమ్మాయ్, మొహం అలా మాడ్చుకున్నావ్?"

"తొమ్మిదో బడి కనిపించట్లేదు బాబాయ్."

"ఇక్కణ్ణుంచి ఎలా కనిపిస్తుంది? ఐదో బడి మేడెక్కు."

"అక్కడ నీళ్ల ట్యాంకు అడ్డం. మ్యాపులో చూశాగా."

"మ్యాపుకేం తెలుసు! ట్యాంకుకీ గోదాముకీ మధ్య సందుంది. రోజూ అందులోంచేగా నేను గుడ్డ చూసేది."

"ఏం గుడ్డ?"

బాబాయి తాపీగా కుర్చీ లాక్కున్నాడు. ఏ బళ్లోనైనా తీసుకెళ్లాల్సిన కాగితాలుంటే మేడ మీది కర్రకి ఎర్రగుడ్డ కడతారట. ఆయన ఒక మేడెక్కి తర్వాతి మేడలు చూసుకుంటాడు. గుడ్డ ఉంటే అటు సైకిల్ తొక్కుతాడు, లేకపోతే లేదు. ఏ మేడ మీంచి ఏ మేడ కనిపిస్తుందో, చెట్లు చిగురిస్తే ఏది మూసుకుపోతుందో గడగడా అప్పజెప్పేశాడు. ఇంజనీరమ్మ నోరు వెళ్లబెట్టి రాసుకుంది. మూడు నెలలు మ్యాపులతో కుస్తీ పట్టి తను సాధించలేనిది ఈయన మోకాళ్ల నొప్పులతో సాధించి పెట్టుకున్నాడు. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

బాబాయి లేస్తూ నవ్వాడు. "ఇదొచ్చాక ఇంక నాతో పనేముంటుందిలే."

ఇంజనీరమ్మ నక్షా వైపు చూసింది. అన్ని బళ్లనీ లెక్కలోకి తీసుకుంది గానీ ఈ మనిషిని తీసుకోలేదు. సిగ్గేసింది.

గురువారం సాయంత్రానికి ఐదో బడి మీద ఒకటి, తొమ్మిదో బడి మీద ఒకటి, ఒకదాన్నొకటి చూసుకునేలా డిష్‌లు బిగించారు. పరీక్షించి చూస్తే చుక్క వెలిగింది. పట్టికలో ఆ బడికి రెండో దారి గడి మాత్రం ఖాళీగానే మిగిలింది.

శుక్రవారం అందరూ ఐదో బడి కంప్యూటర్ గదిలో చేరారు. సైన్సు మేష్టారు తల దువ్వుకుని కెమెరా ముందు కూర్చున్నారు. పదిన్నరకి తెర వెలిగించారు. ఎనిమిది చుక్కలు పచ్చగా ఉన్నాయి. తొమ్మిదోది ఉలుకూ పలుకూ లేదు.

ఇంజనీరమ్మ వైర్లన్నీ తడిమింది. పిన్నికి ఏడుసార్లు ఫోన్ చేసింది. బడి గంటలు కదా, ఆ ఫోన్ ఏ సొరుగులో మోగుతోందో! నిన్న వెలిగింది ఇవాళ ఎందుకు ఆరిందో ఎంత బుర్ర గోక్కున్నా అంతు చిక్కలేదు. ఏడుపొక్కటే తక్కువ.

ఇంతలో మేడ మీంచి బాబాయి దబదబా దిగాడు. "అమ్మాయ్, మీ పిన్ని గుడ్డ కట్టింది! ఏదో ఉంది, రమ్మంటోంది." ఆ మాట పూర్తయ్యేలోపే సైకిలు గేటు దాటేసింది.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా ఆఫీసరుగారు లోపలికొచ్చారు. చేతిలో పెన్ను కూడా తెరిచే ఉంది. పట్టికలో తొమ్మిదో వరస మీద ఆయన చూపు ఆగింది. గీత కొట్టడానికే చెయ్యి కదిలింది.

చుక్క పచ్చగా వెలిగింది.

తెరంతా పిన్ని మొహమే. పక్కన రొప్పుతూ బాబాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు. వెనకాల అరవై రెండు తలకాయలు.

"ఏమైంది పిన్నీ?"

"ఏమీ కాలేదే! కొత్త మెషీను కదా, ఆఫీసరుగారు ప్రారంభించకుండా వాడితే ఏం బాగుంటుందని రాత్రి ఆపేసి కవరు తొడిగా. ఇప్పుడు వెయ్యొచ్చా అని కనుక్కుందామనే గుడ్డ కట్టా. సరిగ్గా ఈ సర్క్యులర్ అన్నయ్య వచ్చాడు."

గదిలో ఒకటే నవ్వులు. ఆఫీసరుగారు కళ్లు తుడుచుకుని, "అన్నీ బాగానే ఉన్నాయమ్మా. రెండో దారి గడి ఖాళీగా ఉందేం?" అన్నారు.

ఇంజనీరమ్మ ఆయన చేతిలోంచే పెన్ను అందుకుని రాసింది: ఎర్రగుడ్డ, సైకిల్.

ఆయన చదివి, సంతకం పెట్టి, పట్టిక వెనక్కిచ్చారు. "మిగతా ఎనిమిదింటికీ మూడో దారిగా ఇదే రాయి. సైకిల్‌కి కొత్త టైర్లు కూడా ఖర్చులో వెయ్యి."

తెర మీద బాబాయి ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. "వినిపించిందా బాబాయ్?" అని అడిగింది ఇంజనీరమ్మ.

"వినిపించింది గానీ, కాస్త పక్కకి జరగమ్మాయ్. పిల్లలు మేష్టారి కోసం చూస్తున్నారు" అన్నాడు బాబాయి.