అరవై ఒక్క మెట్లు

పొద్దున ఆరున్నరకి పాలాయన వస్తాడు. గేటు దగ్గర సైకిలు ఆపి, తల పైకెత్తి, "ఇవాళ ఎన్ని?" అని వీధంతా వినబడేలా అరుస్తాడు. రెండో అంతస్తు కిటికీలోంచి అక్క "ఒకటి" అనో "రెండు" అనో చెబుతుంది. చెప్పకుండా కిటికీ మూసేయాలనే ఉంటుంది, కానీ పాలు రావాలిగా. అతను గొణుక్కుంటూ ఎక్కడం మొదలుపెడతాడు.

ఆ ఇంటి మెట్ల సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. ఆకలి లేకుండా ఎవరైనా ఏదైనా తింటే, తిన్న ప్రతిసారీ వాళ్ళ గుమ్మం ముందు ఒక మెట్టు పెరుగుతుంది. భోజనానికి పెరగదు. ఆకలేసి తిన్న రొట్టెకీ పెరగదు. తోచక, దిగులుతో, అలమారాలో ఉంది కదా అని తిన్నదానికే పెరుగుతుంది. కొత్త మెట్టు కూడా పాతవాటిలాగే అంచు అరిగి ఉంటుంది. ఇల్లు మాత్రం అంతే ఎత్తు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోతే వాళ్ళ మెట్లూ పోతాయి. ఇంటి ఓనరు కూడా గట్టివాడే, పెరిగిన మెట్లు ఎవరివి వాళ్ళే ఊడ్చుకోవాలని అద్దె కాగితంలోనే రాయించుకుంటాడు.

అక్కా తమ్ముడూ ఆ ఇంట్లోకి మారింది ఆసుపత్రికి దగ్గరని. వాళ్ళు దిగిన రోజున మూడో అంతస్తు హెడ్మాస్టారు స్వయంగా వచ్చి హెచ్చరించాడు. రిటైరై పదేళ్ళయినా బడి గంట ఇంకా ఆయన చెవిలో మోగుతూనే ఉంటుంది. "కింద నుంచి నీ గుమ్మానికి ముప్ఫై ఆరు మెట్లమ్మాయ్. నేనొచ్చి ఇరవై ఏళ్ళయింది, నా గుమ్మం ముందు పెరిగినవి పదకొండు. అందులో మూడు మా చుట్టాలవి," అన్నాడు. ఆయన తన ఇంటికి వెళ్ళాలంటే అక్క మెట్లు ఎక్కే వెళ్ళాలి మరి.

అక్క పని కట్టుడు పళ్ళు తయారుచేయడం. రెండు వీధుల అవతల ల్యాబులో కూర్చుని, గులాబీ రంగు మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, పైవరస కిందివరసతో సరిగ్గా కలుస్తోందా అని చూసి, ఎవరో ముసలాయన మళ్ళీ నమలగలిగేలా చేస్తుంది. చేతులనిండా మైనం కాబట్టి అక్కడ ఏమీ తినదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాకే అసలు గొడవ.

గొడవ తమ్ముడి ప్లేటుతో మొదలయ్యేది. తమ్ముడు సిటీ బస్సు కండక్టరు. పద్దెనిమిదేళ్ళు బస్సులో నిలబడ్డవాడు ఇప్పుడు మంచం దిగి నిలబడటానికి గోడ పట్టుకుంటున్నాడు. కాలేయం పాడైపోయింది. తాగుడు వల్ల కాదు, ఆ మాట ఎవరూ అడక్కముందే అక్క చెప్పేస్తుంది. ఏం తిన్నా అతనికి కడుపులో తిప్పుతుంది. ఉప్పు లేకుండా వండి ఎదురుగా పెడితే రెండు చెంచాలు తిని ప్లేటు పక్కకి నెడతాడు.

"ఇంకొక్క చెంచారా."

"బస్సు నిండిపోయిందక్కా. వెనక బండి ఖాళీగా వస్తోంది, అందులో ఎక్కించు."

అక్క నవ్వదు. ప్లేటు వంటింట్లోకి తీసుకెళ్ళి, పారేయబుద్ధి కాక మిగిలింది తనే తినేస్తుంది. తర్వాత నిలబడే అలమారా తెరుస్తుంది. ఒక బిస్కెట్టు. ఒక బిస్కెట్టు తిన్నా ఒక మెట్టే, పాకెట్టు తిన్నా ఒక మెట్టే, ఎలాగూ మెట్టు పడనే పడింది కదా అని పాకెట్టు అవగొట్టేస్తుంది. బయట గుమ్మం దగ్గర రాయి కదిలిన చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు సిగ్గేస్తుంది. పాకెట్టు అయిపోయాక సిగ్గుపడి ఏం లాభం?

ఇదంతా డాక్టరమ్మ చెప్పాక కూడా జరుగుతోంది. అదీ అసలు బాధ.

డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పింది. "మీ కాలేయంలో ముక్క మీ తమ్ముడికి సరిపోతుంది. కానీ ఇప్పుడు తీయలేం. దాన్నిండా కొవ్వుంది. ఎనభై నాలుగు కిలోలున్నారు, మూడు నెలల్లో డెబ్బై ఏడుకి రండి."

"రాలేకపోతే?"

"వేరే దాతల లిస్టులో మీ తమ్ముడి పేరు రాశాం. ముందు నూట పన్నెండు మంది ఉన్నారు. అతనికి మూడు నెలల కన్నా ఎక్కువ టైమున్నట్టు నాకు కనిపించడం లేదు."

ఇంత విన్న మనిషి ఆ సాయంత్రమే మానేయాలి కదా. అక్క కూడా అలాగే అనుకుంది. సోమవారం నుంచి అనుకుంది. ఒకటో తారీకు నుంచి అనుకుంది. ఆకలనిపిస్తే నీళ్ళు తాగమన్నారని చెంబులు చెంబులు తాగి, నీళ్ళ మీద చిప్స్ తింది. చిప్స్ అలమారా నెత్తిమీద పెట్టి, స్టూలు పక్కింటివాళ్ళకిచ్చి, మర్నాడు స్టూలు అడగడానికి పక్కింటికి వెళ్ళింది. తమ్ముడి ప్రాణం కన్నా బిస్కెట్టు ఎక్కువా అని తనని తాను నిలదీసేది, నిలదీస్తూ నమిలేది. తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. పళ్ళు కట్టే చేతులు ఇంత బుద్ధిగా పనిచేస్తాయే, ఇల్లు చేరేసరికి వీటికి ఏం పుడుతుంది?

నెల తిరిగేసరికి తూకం ఎనభై నాలుగున్నర. మెట్లు ఎనభై అయిదు. అంటే అక్కవి నలభై తొమ్మిది.

హెడ్మాస్టారు సగం మెట్ల మీద కూలబడి, మోకాళ్ళు పట్టుకుని పెద్దగా కేకలేశాడు. "ఇది ఇల్లా, కొండా? నీ నోటికి నా మోకాళ్ళు బలి!"

అక్క తలుపు తీసింది, ఏదో అనబోయింది. కానీ ఆయన వెనకాల తమ్ముడు కనిపించాడు. ఆసుపత్రి నుంచి ఆటోలో ఒక్కడే వచ్చేశాడు. రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండేసి నిమిషాలు ఆగుతూ ఎక్కుతున్నాడు. అవన్నీ తన బిస్కెట్ల మెట్లే. అక్క పరుగున దిగి చంకలో చెయ్యి వేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న పాకెట్లన్నీ తెచ్చి తమ్ముడి మంచం మీద గుమ్మరించింది. పదకొండు తేలాయి. తమ్ముడి టికెట్ల సంచి మేకుకి వేలాడుతోంది, నల్ల తోలుది, జిప్పుకి చిన్న తాళం ఉంటుంది. అన్నీ అందులో కుక్కింది.

"తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. నేను కాళ్ళమీద పడ్డా ఇవ్వకు."

"కండక్టరు దగ్గర చిల్లర ఎప్పుడైనా దొరికిందా అక్కా?" అన్నాడు వాడు.

అప్పట్నుంచి అక్క నిజంగానే నోరు కట్టుకుంది. ఎలా కట్టుకుందో అడక్కండి, చూసినవాళ్ళకి భయమేసేది. సాయంత్రం ఆరయ్యేసరికి అలమారా దాకా వెళ్ళి వెనక్కి తిరిగేది. గిన్నెలు తోమినవే తోమేది. తమ్ముడు వదిలేసిన ప్లేటుని కళ్ళు మూసుకుని పారేసేది. ల్యాబులో తోటివాళ్ళు పలకరిస్తే కసురుకునేది. తొమ్మిది రోజులు గడిచాయి. పదోరోజు పొద్దున కింద నుంచి కేక వినబడింది. "ఇవాళ ఎన్ని?"

"ఒక్కటీ లేదు!" అక్క కిటికీలోంచి సగం బయటికొచ్చి అరిచింది. "తొమ్మిది రోజుల్నుంచీ ఒక్కటీ లేదు! కావాలంటే లెక్కపెట్టుకో!"

పాలాయన ఎక్కాడు. లెక్కపెట్టుకుంటూ ఎక్కాడు. గుమ్మం ముందు నిలబడి పాలు అందిస్తూ, "తొంభై మూడమ్మా. మొన్న తొంభై ఒకటి," అన్నాడు, పాపం మెల్లగానే.

అక్కకి ఒళ్ళు మండిపోయింది. గుమ్మం ముందున్న మెట్టుని కాలితో ఒక్క తన్ను తన్నింది. వేలు వాచింది తప్ప మెట్టుకేం కాలేదు.

పైనుంచి హెడ్మాస్టారు తొంగిచూశాడు. "నిద్రలో తింటున్నావేమో అమ్మాయ్. మా క్లాసులో ఒకడుండేవాడు..."

"మీ క్లాసు మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ!"

తలుపు ధడాలున వేసి తమ్ముడి గదిలోకి వెళ్ళింది. "సంచి ఇటివ్వరా. తిన్నా మెట్టే, తినకపోయినా మెట్టే. అలాంటప్పుడు తినే చస్తాను. ఎవడికోసంరా ఈ కడుపు మాడ్చుకోవడం?"

అన్నాక నాలుక కరుచుకుంది. ఎవడికోసమో ఆ ఎవడు ఎదురుగానే ఉన్నాడు. తమ్ముడు సంచిని దుప్పటి కిందకి లాక్కున్నాడు.

"చిల్లర లేదమ్మా, దిగండి దిగండి," అన్నాడు. ఆ వెంటనే, "అక్కా, నా మాత్రలు అయిపోయాయి. ఒకసారి కిందకెళ్ళి తెస్తావా?"

ఈ మాత్రల గొడవొకటి. మాత్రలు తెచ్చి ఇంకా చెప్పులు విప్పకముందే పేపరు కావాలంటాడు. పేపరు తెస్తే పెన్ను మర్చిపోయాను అంటాడు. "అన్నీ ఒక్కసారే చెప్పొచ్చుగా! నావి కాళ్ళా, నీ బస్సు చక్రాలా?" అని అరుస్తూనే అక్క దిగేది. పొద్దున పనికి, మధ్యాహ్నం వాడికి తిండి పెట్టడానికి, సాయంత్రం తాగేనీళ్ళ డబ్బాకి, మధ్యమధ్య వీడి పేపర్లకీ పెన్నులకీ. తొంభై మూడు, నూట ఎనిమిది, నూట ఇరవై. మెట్లు రోజుకొకటి, ఒక్కోరోజు రెండు, పెరుగుతూనే ఉన్నాయి. తినని తిండికి ఈ శిక్షేమిటని అక్క ప్రతి మెట్టునీ తిట్టుకుంటూ ఎక్కింది. ల్యాబుకి తాళం వేసినట్టు వంటింటికీ తాళం వేసి చూసింది, నిద్రలో నడుస్తున్నానేమోనని. అయినా మెట్టు పడింది. తన మీద తనకే నమ్మకం పోయింది. కానీ తినలేదు. చివరికి పట్టుదల కూడా కాదు, ఉత్త కోపం. మెట్లు అబద్ధమాడుతున్నాయి, వాటి ముందు ఓడిపోకూడదు, అంతే.

మూడో నెల చివర డాక్టరమ్మ తూకం యంత్రం మీద ఎక్కమంది. డెబ్బై ఆరు కిలోల ఆరువందల గ్రాములు. స్కానింగులో కాలేయం బాగుంది.

"ఎలా తగ్గారు?"

"నోరు కట్టుకున్నాను డాక్టరమ్మా," అంది అక్క. ఆ మాట అనడం కోసమే మూడు నెలలు బతికినట్టుంది. "మా మెట్లు ఒప్పుకోవు, మీ మిషను ఒప్పుకుంది. నాకది చాలు."

ఆపరేషను రోజున ఆంబులెన్సు వాళ్ళు గేటు దగ్గర నిలబడి పైకి చూశారు. నూట నలభై ఆరు మెట్లు, మలుపులన్నీ ఇరుకు. స్ట్రెచరు తిరగదన్నారు. "నేను తెస్తాను," అంది అక్క. తమ్ముణ్ణి వీపున ఎక్కించుకుంది. చిన్నప్పుడు ఇలాగే మోసేది. ఇప్పుడు వాడు నలభై మూడు కిలోలు. సంచి కూడా తెస్తానని మారాం చేస్తే, దాన్నీ మెళ్ళో వేసుకుంది. దాని బరువు తెలియలేదు. లోపల ఏమీ లేనట్టుంది.

దిగడం మొదలుపెట్టింది. పదో మెట్టు దగ్గర అడిగింది. "సంచి ఇంత తేలిగ్గా ఉందేంట్రా? పాకెట్లు ఏవి?"

తమ్ముడు ఆమె భుజం మీద గడ్డం ఆనించి ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంకా చాలా మెట్లు దిగాక, "అరవై ఒకటి. ఇక్కడ ఆగక్కా. ఇక్కడిదాకా నావి," అన్నాడు.

అక్క ఆగింది. కింద ఉన్న నలభై తొమ్మిదీ తనవని ఆమెకి తెలుసు. ప్రతిదీ ఏం తింటే పడిందో కూడా తెలుసు.

"నువ్వు... నీకు ఏదీ సహించదుగా?"

"సహించదు."

"మరి?"

"ఆకలేసి తింటే మెట్టు పడదుగా అక్కా. నాకు ఆకలెక్కడిది?" వాడికి రొప్పొచ్చింది, కాస్త ఆగాడు. "నువ్వెలాగూ నాకోసం దిగి ఎక్కుతున్నావు. కొంచెం దూరం పెంచాను."

"వాంతయ్యేదేమోరా?"

"కొన్నిసార్లు అయ్యేది. మెట్టు మాత్రం ఉండిపోయేది."

తిట్టాలని నోరు తెరిచింది. వెధవా అని అనాలి, ఇంకా చాలా అనాలి. మూడు నెలలు తనొక్కతే పోరాడాననుకుంది. తను ఒక బిస్కెట్టు తినకుండా ఉండటానికి పడ్డ యాతనంతా, వాడు ఒక బిస్కెట్టు మింగడానికి పక్కగదిలో పడ్డాడు. ఏడుపొచ్చింది, రెండు చేతులూ వాణ్ణి పట్టుకుని ఉన్నాయి కాబట్టి తుడుచుకోలేకపోయింది.

"రైట్, పోనీ," అన్నాడు తమ్ముడు. అక్క తన మెట్లు దిగింది.

నలభై రోజుల తర్వాత ఇద్దరూ ఇంటికొచ్చారు. ఒకరి కుట్లు ఒకరికి గుర్తుచేసుకుంటూ, మెట్టుమెట్టుకీ కూర్చుంటూ, ఒక పూటంతా ఎక్కారు. హెడ్మాస్టారు ఎదురొచ్చి సంచి అందుకున్నాడు, ఈసారి కేకలెయ్యలేదు.

మర్నాడు సాయంత్రం అక్క వంటింట్లో ఉంది. "అక్కా," అని తమ్ముడు పిలిచాడు. మళ్ళీ పేపరో పెన్నో అనుకుంది.

"అక్కా, ఆకలేస్తోంది."

ఆమెకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత ఇల్లంతా వెతికితే అలమారా మూల ఎప్పటిదో ఒక పాకెట్టు దొరికింది. వాడి చేతిలో పెట్టి ఎదురుగా నిలబడింది. ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది, నాలుగోది గబగబా తిని, ఒళ్ళో పడ్డ పొడి కూడా ఏరుకుని నోట్లో వేసుకున్నాడు. అక్క చెవులు గుమ్మం వైపే ఉన్నాయి. ఏ చప్పుడూ రాలేదు.

నమ్మకం కలక్క కుట్లు పట్టుకుని తలుపు తీసుకుని వెళ్ళింది. మెల్లగా కిందిదాకా దిగి, ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ పైకి ఎక్కింది. నూట నలభై ఆరు. గుమ్మం ముందు నిలబడి మళ్ళీ కిందకి చూసింది. నూట నలభై ఆరే.

"ఎన్ని?" లోపల్నుంచి తమ్ముడు అడిగాడు.

"ఒక్కటీ పెరగలేదురా," అంది అక్క. "ఇంకో నాలుగు తిను."