గోడ మీది పెద్దోడు

చిన్నకోడలు స్టూలెక్కి లోపలి గది గోడ మీది ఫొటో తుడుస్తోంది. కుట్టుమిషన్ల దగ్గర లేచే నూలుధూళి అద్దం మీద పేరుకుంటూనే ఉంటుంది. రోజూ తుడిచేదే. బావగారు వచ్చిన దగ్గర్నుంచి మాత్రం ఈ పని ఓ పట్టాన తెమలడం లేదు.

ఫొటోలో కుర్రవాడి చెవితమ్మెలు దవడకు అతుక్కుపోయి ఉన్నాయి. కింద కటింగు బల్ల దగ్గర సూదిలో దారం ఎక్కిస్తున్న మనిషి చెవితమ్మెలు విడిగా వేలాడుతున్నాయి. వయసు మీద పడితే జుట్టు రాలుతుంది, ఒళ్ళొస్తుంది. చెవులు మారతాయా?

"నేను, చిన్నోణ్ణి" అంటూ ఆమె భర్త గుడ్డల మూటతో లోపలికి వచ్చాడు.

ఆ ఇంట్లో గడప దాటేవాళ్ళు, లోపలికైనా బయటికైనా, తామెవరో చెప్పి తీరాలి. అత్తగారికి మొహాలు గుర్తుండవు. ఆమె తల్లికీ ఉండేవి కావట. కొడుకులిద్దరిదీ అదే వరస. చూపుకి ఏ లోటూ లేదు. మొహం మాత్రం ఇటు తిరిగేసరికి చెరిగిపోతుంది. ఇది వంశంలోనే ఉందని, మందు లేదని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. మనుషుల్ని నడకతో, గొంతుతో, భుజాలతో పోల్చుకునే ఆ టైలర్ల ఇంటికి కోడలు వచ్చాకే కళ్ళు వచ్చినట్టయింది. నలుగురిలోకి వెళ్తే అత్తగారు ఆమె చెయ్యి వదలదు. "ఆ నవ్వేదెవరే?" అని చెవిలో గొణుగుతుంది. కోడలు ఎవరంటే వాళ్ళే.

పెద్దోడు మీసమైనా సరిగా రాని వయసులో తండ్రితో మాటామాటా పెరిగి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అత్తగారు స్టూడియోకి వెళ్ళి, వాడు అంతకుముందు దిగిన ఫొటోని పెద్దది చేయించి గోడకెక్కించింది. తండ్రి కోపం కొద్దీ దానివైపు తలెత్తి చూడనేలేదు, చూడకుండానే పోయాడు. ఆయన పోయిన ఏడాదికి "నేను, పెద్దోణ్ణి" అంటూ ఈ మనిషి గడపలో నిలబడ్డాడు. అత్తగారు రెండు చేతులూ అతని భుజాల మీద వేసి తడిమి, "ఎడమవైపు దిగిందిరా, ఇంకా అలాగే ఉంది" అని ఏడ్చేసింది.

కోడలికి ఏడుపు రాలేదు. గడప దగ్గర అనే మాట వీధిన పోయేవాళ్ళకూ వినపడుతుంది. ఎడమ భుజం దిగినవాళ్ళు లోకంలో ఇంకెవరూ లేరా? పైగా వచ్చిన రోజే ఫొటో చూసి, "ఎవరిది?" అని అడిగాడు.

నిన్న భర్తతో అంటే నవ్వాడు. "నా ఫొటో చూపించినా నేనూ అదే అడుగుతా. గడ్డం మీద పుట్టుమచ్చ చూసి నువ్వే నా పెళ్ళానివని నమ్ముతున్నా. నన్నా సాక్ష్యానికి పిలిచేది?"

"నవ్వండి, నవ్వండి. కత్తెర ఆయన చేతికిస్తారట మీ అమ్మ. ఇన్నేళ్ళు ఆ బల్ల దగ్గర నడుం విరగ్గొట్టుకున్నది మీరు. ఇక కాజాలు కుట్టుకుంటూ మూల కూర్చోండి."

అతని నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు అత్తగారు ఆ పెద్ద కత్తెరనే కొంగుతో తుడిచి తెచ్చి బల్ల మీద పెట్టింది. "పట్టుకో నాన్నా. నీ చోటు నీదే."

కోడలు స్టూలు మీద నుంచే నోరు తెరిచింది. "అత్తయ్యా, ఈయన ఫొటోలో మనిషి కాదు."

"ఏమంటున్నావే?"

"చెవులు వేరు, ముక్కు వేరు. నా కళ్ళ మీద ఒట్టు."

అత్తగారు ఆ మనిషి మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసినా అక్కడ ఆమెకు దొరికేదేమీ లేదు. "ఏరా, మాట్లాడవేం?"

"ఏం చెప్పమంటావమ్మా? అద్దంలో కనిపించేది నేనేనని నమ్ముకుని గడ్డం గీసుకునే మనిషిని. అది నా ఫొటోనో కాదో నాకెలా తెలుస్తుంది?"

"దొరికిపోతే అలాగే అంటారు" అంది కోడలు.

"నువ్వు నోరు ముయ్." అత్తగారు గోడవైపు వేలు చూపింది. "ఆ ఫొటో దింపు. ఇటు తే."

పెద్దోడి చేతిలోని సూది జారిపోయింది. భుజాలు పట్టుకుని ఏడ్చిన తల్లి ఇప్పుడు ఫొటో అడుగుతోంది.

కోడలు ఫొటో దింపి ఆమె ఒళ్ళో పెట్టింది. కొడుకు వెళ్ళిపోయిన దిగులులో గోడకు తగిలించుకోవడమే గాని, అత్తగారు దాన్ని దగ్గరగా చూసింది లేదు. ఇప్పుడూ మొహం జోలికి పోలేదు. కళ్ళజోడు సర్దుకుని మెడ దగ్గర వేలు పెట్టింది. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఈ కాలరు చూడు."

"ఏముందత్తయ్యా?"

"అంచుకి రెండు వరసల కుట్టు. నేను ఏనాడూ రెండో వరస వెయ్యలేదే. ఇల్లు వదిలేదాకా వాడు నేను కుట్టిన చొక్కా తప్ప తొడగలేదు. స్టూడియోవాడు ఎవడి ఫొటోనో నా చేతిలో పెట్టాడు. ఇన్నాళ్ళూ ఎవరి బిడ్డనో తుడిపించాను నీతో. పెద్దోడా!"

బల్ల దగ్గర మనిషి లేడు. కత్తెర పెట్టినచోటే ఉంది. గడప దగ్గర అతని చెప్పులు లేవు. వెళ్తున్నానన్న మాట ఎవరికీ వినపడలేదు.

"నేను, చిన్నోణ్ణి, వెళ్తున్నా!" అని అంత కంగారులోనూ అరిచి చిన్నోడు వీధిలోకి పరుగెత్తాడు. పరుగెత్తి అక్కడే నిలబడిపోయాడు. బస్సు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, షిఫ్టు ముగిసి ఇళ్ళకు పోయేవాళ్ళు. ఆ తోపులాటలో ఎవరి భుజమూ సరిగా కనపడదు. "ఏ రంగు చొక్కా వేసుకున్నాడే?" అని వెనక్కి తిరిగి అడిగాడు.

కోడలు చెప్పులు తొడుక్కుంది. విడిగా వేలాడే ఆ చెవుల్ని గుంపులో పోల్చుకోగలిగేది ఆమె ఒక్కతే.

"గడపలో ఎవరది?" లోపలి నుంచి అత్తగారు అడుగుతోంది. "ఎవరు వెళ్తున్నారు?"

కోడలు ఏమీ చెప్పకుండానే గడప దాటింది.