పసుపు దిగిన కొక్కెం

బుల్లబ్బాయి మళ్లీ గడియారం చూసుకున్నాడు. ఎర్రరంగు కొట్టి తొమ్మిది నిమిషాలైంది. పగులుంటే రంగు అందులోకి దిగడానికి ఇంకో నిమిషం కావాలి. భీమవరం ఐసు ఫ్యాక్టరీలో క్రేన్‌కి వేలాడే కొక్కెం అది, విప్పి బల్లమీద పెట్టారు. ఐసు డబ్బాల వరసను అది పైకెత్తుతుంటే కింద నిలబడి సర్దేది లోవలక్ష్మి.

పగుళ్లు వెతకడం అతనికి ముప్పయ్యొక్కేళ్ల పని, ఇవాళ్టితో రిటైరు. గోళ్ల సందుల్లో ఎరుపు ఏ సబ్బుకీ పోదు. పెళ్లినాటి పారాణి ఇంకా కడుక్కోలేదా అని భార్య పాపాయి వేళాకోళం చేస్తుంది. అయినా పగుల్లో దిగిన రంగును పైకి పీల్చే తెల్లపొడి కొట్టి వంగి చూసేటప్పుడు గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. గోదావరిలో గాలం వేసి కూర్చునే వాళ్ల నాన్నకీ ఇదే జబ్బు.

రంగు తుడిచి, తెల్లపొడి కొట్టాడు. కాసేపు ఆగి చూశాడు. ఎక్కడా ఎరుపు రాలేదు.

"సంతకం పెట్టేయండి. నాలుగు రొయ్యల లారీలు ఐసు కోసం ఆగిపోయాయండి," అన్నాడు మేనేజరు భాస్కరం.

కలం తీశాడు. తుడిచిన గుడ్డ అంచున పసుపు మరక కనబడింది.

"దసరాకి దీనికి పసుపు పూశారాండి?"

"ఘనంగా అండి. లోవలక్ష్మే నూనెలో కలిపి వంపంతా మెత్తింది."

పగులులో పసుపు ముందే కూరుకుపోతే రంగు ఎక్కడికి దిగుతుంది? పైపైన శుభ్రం చేసి సరిపెట్టిన తొందర తనదే. కలం జేబులో పెట్టేశాడు.

"ఇంకో గంట ఆగాలండి."

కొక్కేన్ని జిడ్డు వదిలించే మందులో నానబెట్టి, పసుపు రావడం ఆగేదాకా మెత్తటి బ్రష్‌తో రుద్దాడు. ఆరబెట్టాడు. మళ్లీ రంగు, మళ్లీ పది నిమిషాలు, మళ్లీ తెల్లపొడి. వంపులో ఎర్రటి చుక్క లేచింది. పక్కన ఇంకొకటి. చూస్తుండగానే చుక్కలు కలిసి వేలెడు గీతయ్యాయి.

"దొరికింది," అన్నాడు. సంతోషం పట్టలేక నవ్వేశాడు. "రామ్మా లోవలక్ష్మీ, చూడు."

ఇవాళ ఐసు లేదని భాస్కరం లారీలవాళ్లకి ఫోన్ చేశాడు. లోవలక్ష్మి వంగి గీతను చూసింది.

"నేను పూసిన పసుపే దాచేసిందాండి?"

"నువ్వు పూశావు, నేను చూడకుండా పోబోయాను. ఇద్దరం సమానం."

"కొత్త కొక్కేన్నీ ఇలాగే చూస్తారాండి?"

"పైకి తెరుచుకున్న పగులైతే ఇది పట్టుకుంటుందమ్మా. ఇనుము లోపల ఉన్నది దీనికి అందదు. దానికి వేరే మిషన్ ఉంది, దాంతోనూ చూపించమని రిపోర్టులో రాస్తాను."

సాయంత్రం అతను సంచి భుజానేసుకుని ఆటో ఎక్కాడు. వెనక్కి చూడలేదు. ఫ్యాక్టరీ కిటికీలో పక్కన పెట్టేసిన కొక్కెం మీద, తెల్లపొడిలో ఆ ఎర్రగీత, లోపలి రంగు ఊరుతూ, ఇంకా వెడల్పవుతూనే ఉంది.