నడిమి బంతి

సోమవారం వచ్చిందంటే పెంటయ్యకు పండగే. పొద్దున్నే చాయ్ పక్కన పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, ఫోన్‌లో ప్రపంచ టెన్నిస్ డబుల్స్ ర్యాంకుల పట్టిక తెరుస్తాడు. పేరు కొడితే కొడుకు క్షణంలో దొరుకుతాడని కోడలు వనిత వందసార్లు చెప్పింది. వింటేగా! ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క పేరే వేలితో జరుపుకుంటూ పదహారు వందల నలభై దాకా వస్తాడు. అక్కడ సురేందర్ పేరు కనబడగానే "గీడ ఉన్నడు మనోడు!" అని చల్లారిన చాయ్ గటగటా తాగేస్తాడు.

"ఇంతమందిని దాటుకొని వస్తెనే గదా బిడ్డా, వాడు ఎంత దూరం పోయిండో ఎరుకయ్యేది," అంటాడు. ఆయన వచ్చేది పై నుంచి కిందికని ఆయనకు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

పెంటయ్య ఊరు వదిలి వచ్చిన కొత్తలో నాంపల్లిలో ఒక క్లబ్బు మట్టికోర్టుకు నీళ్లు కొట్టి, సున్నంతో గీతలు గీసేవాడు. ఆ గీతల మధ్యే సురేందర్ ఆట నేర్చుకున్నాడు. ఇప్పుడతనికి ముప్పై మూడేళ్లు. పదహారు వందల నలభయ్యో ర్యాంకు ఆటగాడి వైభవం ఎలా ఉంటుందంటే, స్లీపర్ క్లాసులో రాకెట్లకు కిటికీ పక్కన చోటిచ్చి తను అంచున కూర్చుంటాడు. గెలిస్తే ఒక టవల్ ఇస్తారు. ఓడినా టవలే. ఇంట్లో తువ్వాళ్లకు మాత్రం ఏనాడూ కరువు రాలేదు.

అతనికి తొమ్మిదేళ్లుగా జోడీ రవికిరణ్. కుడివైపు రవి, ఎడమవైపు సురేందర్. ఇద్దరి మధ్యకొచ్చే బంతితోనే డబుల్స్ కాపురాలు కూలిపోతాయి. నువ్వు కొడతావనుకున్నానని ఇతడు, నువ్వే కొడతావనుకున్నానని అతడు. వీళ్లకా గొడవ లేదు. నడిమి బంతి సురేందర్‌దే. "నాది!" అని అతను అరుస్తాడు, రవి పక్కకు తప్పుకుంటాడు. తొమ్మిదేళ్లలో ఒక్కసారీ మాట తప్పలేదు.

మాట తప్పింది వాట్సాప్‌లో. ఏప్రిల్‌లో ఒక మెసేజ్ వచ్చింది: "ఢిల్లీ ప్లేయర్ ఒకడు అడిగిండు. పెద్ద టోర్నీలు దొరుకుతయి. ఏమనుకోకురా." చివర రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ చేతుల్ని చూస్తేనే సురేందర్‌కు ఒళ్లు మండింది.

"ఏరు దాటినంక తెప్ప తగలేసిండు," అంది వనిత. ఆమె నాంపల్లిలోనే ఒక సర్కారీ ఆఫీసులో పనిచేస్తుంది. ఇల్లు నడిచేది ఆమె జీతంతోనే. ఆమె ఒకే షరతు పెట్టింది. "పోయినేడు వచ్చిన పాయింట్లు ఈ వారంతోటి పోతయి. మళ్లా గెలువకుంటే లిస్టులకెల్లి నీ పేరే లేస్తది. లేచిందనుకో, రాకెట్ కింద పెట్టాలె. మా అన్న దుకాణంల కూసోవాలె. ఔ అను."

"ఔ," అన్నాడు సురేందర్.

వనిత అన్న కరుణాకర్‌కు ఆబిడ్స్‌లో ఆటసామాన్ల దుకాణం ఉంది. మంచివాడే. ఆ మంచితనంతోనే బావ కోసం ముందుగా ఒక గుండ్రని కుర్చీ కొని గల్లా పక్కన వేసి, రోజూ దుమ్ము దులుపుతున్నాడు. సురేందర్ ఆ వీధి గుండా వెళ్లడమే మానేశాడు. అతని భయం కుర్చీ గురించి కాదు. పట్టికలో చివరి పేరు దాకా జరుపుకుంటూ వెళ్లి, చాయ్ ముట్టకుండానే ఫోన్ కింద పెట్టే తండ్రి గురించి.

అదృష్టం కొద్దీ ఆ వారం టోర్నమెంటు నాంపల్లి క్లబ్బులోనే. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసే శ్యామ్‌సుందర్‌ను బతిమాలి జోడీ కట్టాడు. నలభై రెండేళ్లవాడు, ఒకప్పుడు రైల్వే జట్టుకు ఆడినవాడు, వారం రోజుల సెలవు మిగిలినవాడు. ఊరివాళ్లు కదా అని నిర్వాహకులు జాలిపడి చోటిచ్చారు. మొదటి రౌండు ఎలాగో గట్టెక్కారు. రెండోది గెలిస్తే పాయింట్లు. ఇక గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, ఎదురుగా రవికిరణ్, అతని కొత్త జోడీ అయిన ఢిల్లీ పొడుగోడు.

మొదటి సెట్టు పోయింది. రెండోది వచ్చింది. పది పాయింట్ల చివరి ఆటలో తొమ్మిది ఎనిమిది. సురేందర్ వాళ్లకు ఒక్క పాయింటు చాలు. పెంటయ్య గ్యాలరీలో కూర్చోకుండా, పాత అలవాటు కొద్దీ నీళ్ల పైపు పక్కన నిలబడి చూస్తున్నాడు.

శ్యామ్‌సుందర్ సర్వ్ చేశాడు. బంతి రెండుసార్లు అటూ ఇటూ తిరిగి సురేందర్ దగ్గరికొచ్చింది. అతను ఎత్తుగా లేపాడు. అది సరిగ్గా అవతలి ఇద్దరి నడుమకు దిగుతోంది. పైకి చూస్తున్న సురేందర్‌కు ఏమైందో గానీ, నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాది!"

అవతల రవికిరణ్ బుద్ధిగా పక్కకు తప్పుకున్నాడు. బంతి కోర్టులో పడి, గెంతి, కంచె దగ్గర ఆగింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? పొడుగోడు గయ్యిమన్నాడు. సురేందర్ కావాలనే అరిచాడని, పాయింటు తమకే ఇవ్వాలని పట్టుబట్టాడు. అంపైర్ రవి వైపు చూశాడు.

"కావాలని కాదు సార్, అలవాటు," అన్నాడు రవి నేల చూస్తూ.

ఒకసారికి మాఫీ చేసి, పాయింటు మళ్లీ ఆడమన్నాడు అంపైర్. ఇంకోసారి అరిస్తే పాయింటు పోతుందని హెచ్చరించాడు.

"మళ్లా గాడనే కొట్టు," అని శ్యామ్‌సుందర్ వచ్చి అతని చెవిలో గొణిగాడు. సురేందర్‌కు మనసొప్పలేదు. ఇంటి గుట్టు దొంగకు చెప్పినట్టనిపించింది. కానీ పైపు పక్కన తండ్రి కనిపించాడు. సర్వ్ పడింది, బంతి వచ్చింది, మళ్లీ నడుమకే లేపాడు. ఈసారి నోట్లో చొక్కా కాలర్ కుక్కుకుని గట్టిగా కొరికి పట్టాడు.

రవి బంతి కిందికి వచ్చాడు. రాకెట్ ఎత్తాడు. కొట్టలేదు. తల కొంచెం ఎడమకు తిప్పి అలాగే నిలబడ్డాడు. బంతి అతని భుజం పక్కనుంచి దిగి గీత మీద పడింది. సున్నం లేచింది.

పొడుగోడు చేతులు కూడా కలపకుండా వెళ్లిపోయాడు. సాయంత్రానికల్లా వేరే జోడీ చూసుకోమని అతని దగ్గర్నుంచి రవికి మెసేజ్ వచ్చింది. అందులోనూ జోడించిన చేతులున్నాయట.

నాంపల్లి ఇరానీ హోటల్లో ఒక టేబుల్ మీద రెండు చాయ్‌లు. సురేందర్, రవి ఎదురెదురుగా కూర్చుని ఉస్మానియా బిస్కెట్లు ముంచుకుని తిన్నారు.

"చెయ్యెత్తి ఎందుకు ఆగినవ్‌రా?" అని చివరికి అడిగాడు సురేందర్.

"నువ్వు అంటవేమోనని ఆగిన," అన్నాడు రవి. "నాలుగు నెలలైంది ఆ మాట ఇనక."

సురేందర్ చివరి బిస్కెట్‌ను రవి వైపు జరిపాడు.

సోమవారం పెంటయ్య చాయ్ పక్కన పెట్టుకున్నాడు. శ్యామ్‌సుందర్ డ్యూటీకెక్కాడు. రాకెట్ల సంచీతో రవి వచ్చి గడప దగ్గర చెప్పులు విప్పాడు. మధ్యాహ్నం రైలుకు ఇద్దరూ మళ్లీ జోడీగా ఇండోర్ టోర్నమెంటుకు వెళ్లాలి. వనిత అతనికి చాయ్ ఇచ్చింది గానీ చక్కెర తక్కువేసింది. పెంటయ్య వేలు దిగుతూ, దిగుతూ పదిహేను వందల తొంభై దగ్గర ఆగింది.

"గీడ ఉన్నడు మనోడు!" అన్నాడు. అంతలోనే ముఖం ముడుచుకున్నాడు. "రవిగాడు తొమ్మిది వందల కాడ్నే కనబడ్డడు. తొమ్మిదేండ్లు పక్కపక్కనే ఉంటిరి గదరా. గింత దూరమేంది?"

"ఆడితే మళ్లా కలుస్తం కాకా," అన్నాడు రవి. "వాడు పైకి రావాలె, జర టైం పడ్తది."

పెంటయ్య ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"నువ్వే కిందికి రారాదు బిడ్డా," అన్నాడు, "జల్దీ అయితది."