దవాఖానకు పోయిన నీడ

రోజూ పొద్దున మల్లయ్య గడ్డం గీసుకునేవాడు, ముక్కు పక్కనున్న చిన్న పుండుకు బ్లేడు తగిలించుకునేవాడు, ఊరి పక్కనున్న మందుల కంపెనీని తిట్టేవాడు. కాజీపల్లిలో అదొక సౌకర్యం. దగ్గొచ్చినా, దద్దురొచ్చినా, ఆఖరికి కూర మాడినా కంపెనీ గాలి మీదికి నెట్టేస్తారు. అందులో సగం నిజమే కావచ్చు. మిగతా సగం బద్ధకమని అతని భార్య కౌసల్యమ్మకు తెలుసు.

బోనాలకు ముందు లేచిన పుండది. పక్కు కట్టేది, ఊడేది, రక్తం కారేది, మళ్లీ పక్కు కట్టేది. దసరా పోయింది, పుండు పోలేదు.

"జెర డాక్టర్‌కు సూపియ్యరాదు?"

"నొప్పి లేదు, దురద లేదు. గింతదానికి దవాఖానా? కంపెనీ గాలి తగిలింది, అదే మానుతది."

ఒకప్పుడు భూములున్న పటేలు, ఇప్పుడు అదే కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. తిట్టే కంపెనీకే సలాం కొట్టే మనిషికి ఇంత పొగరెక్కడిదో! ఆ మొండి మొగం మీద కౌసల్యమ్మకు గౌరవం ఎప్పుడో చచ్చింది. ఆ మొగానికి ఏమవుతుందోనన్న భయం మాత్రం చావలేదు.

ఆమెకంటే ముందు మల్లయ్య నీడ విసిగిపోయింది. ఒక సోమవారం అతన్ని గేటు దగ్గరే వదిలేసి, షేర్ ఆటోలో పటాన్‌చెరు దవాఖానకు పోయి లైన్లో నిలబడింది. జనం జరిగి చోటిచ్చారు. డాక్టరమ్మ మాత్రం "నీకు మొగమేది? మొగమున్నోన్ని తోల్కరా" అని పంపేసింది. మర్నాడు మళ్లీ పోయింది.

ఊరు ఊరుకుంటుందా? కటింగ్ షాపు యాదగిరి నలుగురి ముందే అడిగాడు. "ఏంది పటేలా, నీ నీడ దవాఖానల లైన్ కట్టిందట?"

పుండుకు సిగ్గుపడని మల్లయ్యకు దీంతో తల కొట్టేసినట్టయింది. "ఇప్పుడే పోయి గుంజుకొస్త" అని ఆటో ఎక్కాడు. కౌసల్యమ్మ కూడా ఎక్కింది.

లైన్లో ముందున్న నీడ అతన్ని చూసి, తన చోటిచ్చి, అతని కాళ్లకు గట్టిగా అంటుకుంది. అడుగు వెనక్కి పడలేదు. వంతు అతనిదే.

"ఎప్పటిసంది ఉన్నది?" డాక్టరమ్మ లైటు పెట్టి చూసింది.

"వానలు మొదలైనప్పటిసంది" అంది కౌసల్యమ్మ, అతను నోరు తెరవకముందే.

"మొగం మీది పుండు నెల దాటినా మానకుంటే, మానినట్టే మాని మళ్ల రక్తం కారితే, నొప్పి లేకున్నా రావాలె. ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

క్యాన్సరే. నెమ్మదిగా పాకే రకం. కోసి తీసేశారు, ముక్కు దక్కింది.

ఇప్పుడు మల్లయ్య గేటు దగ్గర అందరికీ పుండ్ల గురించి ఉపన్యాసాలిస్తాడు, తనే తెలివిగా పోయినట్టు. కౌసల్యమ్మ అడ్డు చెప్పదు. సాయంత్రం అతను ఇంటికొచ్చి కూర్చోగానే రెండు గ్లాసుల్లో చాయ్ పోస్తుంది. మొదటిది నీడ ముందు పెడుతుంది.