ఆ అర మిల్లీమీటరు

2006 డిసెంబరు పది, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. తాడేపల్లిగూడెం పాత రన్‌వే మీద జరిగిన గో-కార్టుల, అంటే చిన్న రేసు బళ్ల, పందెంలో మొదట వచ్చిన బండిని లాల్ బాషా పందెంలోంచి తీసేశాడు.

లాల్ బాషాకు అరవై ఒకటి. ఏలూరు పవర్‌పేటలో లేత్ షాపు. ఇంజను సిలిండరు లోపల అరిగి వంకర పోతే, దాన్ని గుండ్రంగా తొలిచి, ఆ మేరకు పెద్ద పిస్టను వేసి మళ్లీ తిరిగేలా చేయడం ముప్పై ఎనిమిదేళ్లుగా అతని పని. బోరింగ్ అంటారు. కైకలూరు చెరువుల మీది పంపు ఇంజన్లు, నల్లజర్ల పొలాల ఇంజన్లు గోనెసంచుల్లో బస్సెక్కి అతని దగ్గరికి వచ్చేవి. కార్టులకు బిగించేదీ ఆ పంపు ఇంజన్లనే. అందుకే పందేలు నడిపే నరసింహమూర్తి, పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు, తనిఖీకి మూడేళ్లుగా అతన్నే పిలుస్తున్నాడు.

ఆ పొద్దున్న ఆరింటికి లాల్ బాషా, సిలిండరు లోపలి వెడల్పు కొలిచే బోరు గేజిని పాత బనీను గుడ్డలో చుడుతున్నాడు. భార్య ఆబిదా టీ తెచ్చి పక్కన పెట్టింది.

“ఆదివారమైనా దాన్ని పడుకోనివ్వరా?”

“దానికి నిద్ర రాదు.”

“మీకొచ్చిందేంటి? తెల్లార్లూ మసులుతూనే ఉన్నారు.”

“గ్యాసు. సోడా తాగితే పోద్ది.”

“ఎప్పుడడిగినా గ్యాసే. డాక్టరు గారు కూడా మీ గేజీలాంటిదే పెట్టి చూస్తారు కదండీ, ఓసారి చూపించుకుంటే ఏం పోయింది?”

అతను నవ్వి సంచీ భుజాన వేసుకున్నాడు. స్టేషను వంతెన మెట్ల మీద రెండుసార్లు ఆగాడు. రెండోసారి ఆగినప్పుడు రైళ్ల బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాడు.

రన్‌వే మీద పదకొండు కార్టులు వచ్చాయి. ఒక్కో ఇంజను దగ్గర గొంతుక్కూచుని కార్బురేటరు కంతలో పిన్ను పెట్టి చూశాడు. హెడ్డు బోల్టుల్లోంచి తీగ దూర్చి సీసం సీలు నొక్కాడు. పందెం అయ్యేదాకా ఆ సీలు తెగకూడదు. అయ్యాక మొదటి మూడు ఇంజన్లు విప్పి లోపల కొలుస్తారు. బోరు కంపెనీ కొలత అరవై ఏడు మిల్లీమీటర్లు. అరుగుదలకు పాయింట్ వన్ దాకా వదులుతారు. అది దాటితే బండి పందెంలో లేనట్టే.

మూడుంపావుకు పందెం ముగిసింది. నల్లజర్ల సాయితేజ మొదట వచ్చాడు. డిప్లొమా చదివాడు, ఇరవై రెండేళ్లు. గెలిచినవాడు జనవరిలో కోయంబత్తూరు పందేనికి వెళ్తాడు. అక్కడి రేసు బళ్ల షెడ్డులో ఒకాయన, గెలిచి వస్తే పనిలో పెట్టుకుంటానని అతనికి ఫోనులో మాటిచ్చాడు. ఆ సంగతి పొద్దుట్నుంచి సాయితేజ నలుగురికి చెప్పాడు. వాళ్ల నాన్న అబ్బాయిరాజు నలభై మందికి చెప్పాడు.

లాల్ బాషా సాయితేజ ఇంజను మీది రేకు కవరు విప్పాడు. సిలిండరు రెక్కల కింద మూడు చుక్కలు కనిపించాయి. వాటి పక్కన 99.

తను బోరింగ్ చేసిన ప్రతి ఇంజను మీదా పంచితో మూడు చుక్కలూ, పక్కన సంవత్సరమూ కొట్టడం అతని అలవాటు. రేపు పని చెడితే నాది కాదనడానికి వీలుండకూడదని మొదలుపెట్టాడు.

వేడి మీద ఇనుము ఉబ్బుతుంది. కొలవడానికి అరగంట ఆగాలి. లాల్ బాషా టైరు మీద కూర్చున్నాడు. అబ్బాయిరాజు వచ్చి పక్క టైరు మీద కూర్చున్నాడు.

“గుర్తుపట్టారా బాషా గారూ? మన ఇంజనే. మీ చేతి బోరింగే. ఏడేళ్లు చేలో తిరిగింది, ఒక్కరోజు మొరాయించలేదు. మావాడు కొత్తది కొంటానంటే, ఎందుకురా, బాషా గారు ముట్టుకున్న ఇంజనుంది ఇంట్లో అన్నాను.”

“బాబుకి చెప్పారాండీ, బోరింగ్ అయ్యిందని?”

“అప్పుడు వాడు హైస్కూల్లో ఉన్నాడు. చెప్పేదేముంది, రిపేరే కదండీ అది.”

లాల్ బాషా ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో ఒత్తుకుంటున్నాడు.

అరగంటయ్యాక సీలు తెంపి హెడ్డు తీశాడు. గేజిని పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టాడు. ఆరు అంకెలు రాశాడు. గేజి తుడిచి మళ్లీ మొదట్నుంచి కొలిచాడు. అవే వచ్చాయి.

“ఎంతండీ?” అన్నాడు సాయితేజ.

“అరవై ఏడున్నర.”

“కంపెనీది అరవై ఏడే కదండీ.”

“కంపెనీది అరవై ఏడే బాబూ. ఆ అర నాది.”

నరసింహమూర్తి అతన్ని పక్కకు తీసుకెళ్లాడు. “అర మిల్లీమీటరుకి బండికొచ్చే బలమెంత బాషా గారూ? మీకు తెలీందా? ఆ కుర్రాడు ఒక్కో మలుపూ ఎలా తిప్పాడో చూశారుగా.”

“చూశానండి. బాగా నడిపాడండి.”

“మరి? గేజీ చూసింది మీరొక్కరే.”

“అవునండి. అందుకే కదండీ పిలిచారు.”

ఫారంలో కారణం అన్నచోట ‘బోరు 67.50, హద్దు 67.10’ అని రాశాడు. గడి నిండిపోయింది. పక్కన ఖాళీలో ‘బోరింగ్ చేసినది నేనే’ అని రాసి సంతకం పెట్టాడు.

అబ్బాయిరాజు ఫారం చదివాడు. ఇంకోసారి చదివాడు.

“నేను పంపుకి చేయించానండీ, పందేనికి కాదు.”

“తెలుసండి.”

“ముప్పై ఏళ్ల నుంచి వస్తున్నాను మీ దగ్గరికి.”

“అవునండి రాజుగారూ.”

అబ్బాయిరాజు ఇంజనును తనే ఎత్తి వ్యాను దాకా మోసుకెళ్లాడు. వెనక్కి చూడలేదు. కప్పు రెండో బండికి ఇచ్చారు. చప్పట్లు కొట్టారు.

సాయితేజ మాత్రం గేటు దాకా వచ్చాడు.

“మళ్లీ కంపెనీ కొలతకి తేవచ్చాండీ?”

“బోరు ఇంకాస్త తొలిచి, లోపల లైనరు గొట్టం దిగ్గొడితే వస్తుంది. బుధవారం తీసుకురా. నేనే చేస్తాను.”

“నాన్న రానివ్వరేమో.”

“బస్సులో వేసి పంపు. సంచీ మీద నా పేరు రాస్తే చాలు.”

అయిదూ నలభై పాసింజరులో అతనికి కిటికీ పక్క సీటు దొరికింది. ఎదుటి సీటులో ఎండుచేపలు అమ్మే రత్నమాణిక్యం ఖాళీ తట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. భీమడోలు దాకా అతను ఒళ్లో కాగితం పెట్టుకుని ఏదో రాస్తూనే ఉన్నాడని ఆమె తర్వాత చెప్పింది. ఎక్కడ దిగుతారని అడిగితే ఏలూరన్నాడని, ఒకసారి మంచినీళ్లు అడిగి తాగాడని కూడా చెప్పింది. దెందులూరు దాటాక తల కిటికీకి ఆనించుకున్నాడు. నిద్రపోయాడనుకుంది.

“ఏవండీ, ఏలూరొచ్చేసిందండీ,” అంది ఆమె. ఇంకోసారి అని, భుజం కదిపింది.

రైల్వే డాక్టరు ప్రాణం పోయిన సమయం ఏడూ అయిదు అని రాశాడు.

ఆబిదా స్టేషనుకు వచ్చేసరికి కానిస్టేబులు సంచీలోవి, జేబుల్లోవి బల్ల మీద వరసగా పెట్టి ఉంచాడు. ఒక్కొక్కటీ చూపించి పేరు రాసుకున్నాడు. చొక్కా జేబులోని కాగితం మడత విప్పి, “ఇదేంటమ్మా?” అని అడిగాడు.

“ఆయన పనే అయ్యుంటదండీ,” అంది ఆబిదా.

పందెం పాంప్లెటు అది. వెనకవైపు పెన్సిలుతో ఒకదాని లోపల ఒకటి రెండు గుండ్రాలు గీసి, వాటి మధ్య ‘లైనరు’ అని రాసి ఉంది. లోపలి గుండ్రం మీద 67.00 అని ఉంది. బయటి గుండ్రం మీద అంకె లేదు.